టవరు కాలి కింద మట్టి

రిటైరై ఇంటిపట్టున ఉంటున్నా మా ఊళ్లో నాకింకా "టవర్ల ఇంజనీరు గారు" అన్న పేరే. రావులపాలెం అరటి మార్కెట్లో కనబడినా, పెళ్లి భోజనాల దగ్గర పక్కన కూచున్నా, అందరూ అడిగేది ఒకటే. "ఏవండీ, ఆ పెద్ద తీగల్లో ఎంత కరెంటుంటదండీ?" చెబుతాను. రెండు లక్షల ఇరవై వేల వోల్టులు అనగానే కళ్లు పెద్దవి చేస్తారు. ఆ టవరు పడిపోకుండా దేన్ని పట్టుకుని నిలబడిందో మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

నా ఉద్యోగమంతా దాదాపు ఆ రెండో ప్రశ్నతోనే గడిచింది. లైన్ల ఇంజనీరుకు కరెంటు గురించి ఉండే బెంగ తక్కువ. ఎన్ని వోల్టులకు గాలిలో ఎంత ఎడం వదలాలో, ఎన్ని పింగాణీ గిన్నెలు కట్టాలో పట్టికల్లో ఉంటుంది. నిద్ర పట్టనివ్వనివి గాలి, ఎండ, నీళ్లు. గోదావరి డెల్టాలో పనిచేసేవాడికి వీటన్నిటికంటే ముందు మట్టి.

వోల్టుల సంగతి తేల్చేసి ముందుకు పోదాం. వంద మెగావాట్లు ఒకచోట నుంచి ఇంకోచోటికి పంపాలనుకోండి. మన వీధిలో ఉండే 11 కె.వి., అంటే పదకొండు వేల వోల్టుల, లైను మీద పంపాలంటే ఒక్కో తీగలో 5,250 ఆంపియర్లు పారాలి. 220 కె.వి. మీదైతే 262 ఆంపియర్లు చాలు. తీగ వేడెక్కి దండగైపోయే కరెంటు ఆంపియర్ల వర్గాన్ని బట్టి ఉంటుంది. ఆంపియర్లు ఇరవయ్యో వంతుకు తగ్గితే అదే తీగలో నష్టం నాలుగు వందో వంతుకు పడిపోతుంది. దూరం పంపేటప్పుడు 132, 220, 400, 765 అంటూ వోల్టేజీ పెంచుకుంటూ పోవడానికి కారణం ఇదే. మీ పొలం మీద నుంచి వెళ్లే లైను ఏదో తెలుసుకోవాలంటే టవరు చెయ్యి నుంచి వేలాడే గిన్నెలు లెక్కపెట్టండి. తొమ్మిదో పదో ఉంటే 132. పదమూడు, పద్నాలుగు ఉంటే 220. ఇరవై మూడు దాకా ఉంటే 400. ఈమధ్య గిన్నెల బదులు పాలిమర్ కడ్డీలు కడుతున్నారు కాబట్టి కొత్త లైన్ల దగ్గర ఈ చిట్కా పారదు.

మన జిల్లాల మీద ఇన్ని లైన్లు ఎందుకున్నాయని విసుక్కునేవాళ్లూ ఉన్నారు. విశాఖ అటు, విజయవాడ ఇటు. మధ్యలో గోదావరిని దాటకుండా ఏ లైనూ వెళ్లలేదు. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. తరవాత మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు, 460 మెగావాట్లు. కొండల్లో పుట్టిన ఆ కరెంటు మైదానానికి దిగాలి. 1990ల్లో కేజీ బేసిన్ గ్యాసును నమ్ముకుని విజ్జేశ్వరం, జేగురుపాడు, ఆ తరవాత వేమగిరి, సామర్లకోట, పెద్దాపురం వైపు కేంద్రాలు వచ్చాయి. గ్యాసు తగ్గిపోయి వాటిలో చాలావరకు పడకేశాయి గానీ వాటికోసం వేసిన లైన్లు వృథా పోలేదు. ఇప్పుడు ఒడిశాలోని అంగుల్ నుంచి శ్రీకాకుళం మీదుగా 765 కె.వి. లైను వేమగిరి చేరి, అక్కణ్నుంచి చిలకలూరిపేట వెళుతోంది. కడియం నర్సరీల్లో తిరిగేటప్పుడు ఒకసారి తల ఎత్తి చూడండి. తీగల కింద కొబ్బరి పెంచడానికి వీల్లేదు. కుండీల్లో పెరిగే పొట్టి మొక్కలకు ఏ అడ్డూ లేదు. లైన్ల వాళ్లకూ నర్సరీ వాళ్లకూ పొత్తు కుదిరిన చోటు నాకు తెలిసి అదొక్కటే.

ఇక తీగ దగ్గరికి వద్దాం. 220 కె.వి. లైనులో వాడే తీగ పేరు జీబ్రా. 132కి పాంథర్, 400కి మూస్, ఊళ్లోకొచ్చే 11కి రాబిట్, వీజిల్. ఈ జంతువుల పేర్లు బ్రిటిష్ వాళ్లు పెట్టినవి, మన స్టోర్ల రిజిస్టర్లలో ఇంకా అవే ఉన్నాయి. జీబ్రా లావు 28.62 మిల్లీమీటర్లు. నడుమ ఏడు ఉక్కు పోగులు, వాటి చుట్టూ మెలిపెట్టిన యాభై నాలుగు అల్యూమినియం పోగులు. కరెంటు మోసే పని అల్యూమినియానిది. లాగుడు తట్టుకోవడంలో పెద్ద వాటా ఉక్కుది. మీటరు తీగ 1.62 కిలోలు తూగుతుంది. టవరుకీ టవరుకీ మధ్య 350 మీటర్లు ఉంటే ఒక్క తీగే 567 కిలోలు.

ఇంత బరువున్న తీగ ఎంత బిగించినా తిన్నగా నిలవదు, మధ్యలో వేలాడుతుంది. మేం దాన్ని సాగ్ అంటాం. లెక్క సులువే. మీటరు బరువును టవర్ల మధ్య దూరం వర్గంతో గుణించి, లాగుడుకు ఎనిమిది రెట్లతో భాగిస్తే సాగ్ వస్తుంది. దూరం రెట్టింపైతే వేలాట నాలుగింతలు. జీబ్రా తీగను దాని తెగే బలంలో 22 శాతం లాగుడుతో, 32 డిగ్రీల రోజున కట్టామనుకుంటే 350 మీటర్ల మధ్య సాగ్ ఎనిమిదిన్నర మీటర్లు. రోహిణి కార్తె ఎండకు నిండు లోడు తోడై తీగ 75 డిగ్రీలకు చేరితే అది 10.2 మీటర్లు అవుతుంది. పొద్దున చూసిన తీగ మధ్యాహ్నానికి ఐదున్నర అడుగులు కిందికి దిగగలదన్నమాట. అలా దిగినప్పుడు కూడా నేలకూ తీగకూ మధ్య 7 మీటర్లకు తగ్గకూడదని నిబంధన. 132కి 6.1 మీటర్లు, 400కి 8.84. పొద్దున్నే కొలిచి "బోలెడంత ఎత్తుంది" అనుకునేవాళ్లు ఈ మధ్యాహ్నపు లెక్క మరిచిపోతారు.

ఇంకా బిగించి కడితే సరిపోతుంది కదా అని కుర్ర ఇంజనీర్లు అడిగేవారు. బిగిస్తే పుష్యమాసపు చలికి తీగ ముడుచుకుని లాగుడు మరీ పెరుగుతుంది. పైగా ఇంకో తంటా ఉంది. తుఫాను గాలి కన్నా మెత్తగా, ఒకే వేగంతో వీచే పిల్లగాలికి తీగ సన్నగా వణుకుతుంది. సెకనుకు మూడు మీటర్ల గాలికి జీబ్రా తీగ సెకనుకు ఇరవై సార్లు పైకీ కిందికీ కొట్టుకుంటుంది. కంటికి ఆనదు. ఏళ్ల తరబడి అలా కొట్టుకుంటే క్లాంపు దగ్గర పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. ఎంత బిగిస్తే అంత వణుకు. తీగకు టవరు దగ్గర రెండు చివర్లా ముద్దలున్న చిన్న కడ్డీ వేలాడుతూ కనిపిస్తుంది చూశారా, అది ఈ వణుకును మింగేయడానికే. 1920ల్లో కాలిఫోర్నియాలో జార్జ్ స్టాక్‌బ్రిడ్జ్ అనే ఇంజనీరు కనిపెట్టాడు. చెట్టూ గుట్టా అడ్డం లేని వరిచేల మీదా, గోదావరి పాయల మీదా గాలి ఆటంకం లేకుండా సాఫీగా వస్తుంది కాబట్టి మన దగ్గర ఆ కడ్డీల అవసరం మరీ ఎక్కువ. పైరగాలి అని మనం హాయిగా అనుకునేది తీగ పాలిట మెల్లటి రంపం.

పెద్ద గాలి లెక్క వేరు. దేశాన్ని ఆరు గాలి మండలాలుగా విడగొట్టిన పటం భారతీయ ప్రమాణాల్లో ఉంది. బెంగళూరు సెకనుకు 33 మీటర్లు, హైదరాబాదు 44, విజయవాడ, విశాఖ 50. మన డెల్టా కూడా ఆ 50లోనే. గంటకు 180 కిలోమీటర్లు. ఇది మూడు సెకన్ల పాటు వీచే విసురు వేగం, యాభై ఏళ్లకోసారి రాగలదని అంచనా. గోదావరిలాంటి నదులను దాటించే పొడవాటి టవర్లకైతే అయిదు వందల ఏళ్లకోసారి రాగల గాలిని లెక్కలోకి తీసుకుంటారు. బెంగళూరు కన్నా మన గాలి వేగం ఒకటిన్నర రెట్లే. కానీ ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అక్కడ చదరపు మీటరుకు 67 కిలోల ఒత్తిడి పడితే ఇక్కడ 153 కిలోలు.

తీగ సన్నగా ఉంటుంది, దానికి గాలేమిటి అనుకోకండి. 28.62 మిల్లీమీటర్ల లావును 350 మీటర్ల పొడవుతో గుణిస్తే పది చదరపు మీటర్లు. గాలికి ఎదురుగా గది గోడంత నిలబెట్టినట్టే. దాని మీద ఒకటిన్నర టన్నుల తోపుడు. తీగ సొంత బరువు అరటన్ను దాటి కొంచెమే. అంటే తుఫానులో టవరుకు తీగ బరువు పెద్ద విషయం కాదు, తీగను పట్టుకుని గాలి తోసే తోపుడే అసలు భారం. ఒకే విసురు మొత్తం 350 మీటర్లనూ ఒకేసారి తాకదు కాబట్టి లెక్కలో కొంత తగ్గింపు, గాలి ఊపు వల్ల కొంత పెంపు ఉంటాయి. ఆ చిక్కుల్లోకి పోనక్కర్లేదు, చివరికి అంకె అటూ ఇటూగా అక్కడే తేలుతుంది.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమను పట్టి ఊపిన తుఫాను ఇప్పటికీ మా వయసువాళ్లకు తేదీతో సహా గుర్తు. వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. ఊళ్లకు ఊళ్లు చీకట్లో ఉండిపోయాయి. ఆ రోజుల్లో పడిన టవరు దగ్గరికి వెళ్లిన పెద్దాయన ఒకరు నాకు నేర్పిన పని ఒకటుంది. అందరూ వంగిన ఇనుము చూసి అయ్యో అంటారు. ఆయన ముందు కాళ్ల దగ్గరికి పోయేవాడు. టవరు నడుము దగ్గర మడతపడి కాళ్లు నేలలో అలాగే ఉంటే ఇనుము ఓడిందని అర్థం. కాళ్ల చుట్టూ నేల నెర్రెలు విచ్చి, కాంక్రీటు దిమ్మ పైకి లేచి ఉంటే ఇనుము బాగానే ఉంది, మట్టే వదిలేసిందని అర్థం. రెండూ చూడ్డానికి పడిపోయిన టవర్లే. మందులు మాత్రం వేరు.

మట్టి వదిలేయడం అంటే ఏమిటో చెప్పాలంటే చిన్న లెక్క వేయక తప్పదు. రెండు వైపులా మూడేసి తీగలున్న 220 కె.వి. టవరు తీసుకోండి. ఆరు తీగలు, ఒక్కోదాని మీద ఒకటిన్నర టన్నులు, మొత్తం తొమ్మిది టన్నులు, సగటున ఇరవై మూడు మీటర్ల ఎత్తున. టవరు ఒంటి మీద పడే గాలి అదనం. కాళ్ల మధ్య ఎడం ఆరున్నర మీటర్లు. ఈ తోపుడుకు గాలి వచ్చే వైపు రెండు కాళ్లూ పైకి లేవాలని చూస్తాయి, అవతలి రెండూ నేలలోకి దిగాలని చూస్తాయి. నా చేతి లెక్కలో ఒక్కో కాలిని పైకి లాగే బలం, టవరు బరువు తీసేయగా, ఇరవై టన్నుల దగ్గర తేలుతుంది. నేలలోకి దిగే కాలికి సాయం చేయడానికి కింద భూమి ఉంది. పైకి లేచే కాలిని పట్టి ఉంచడానికి ఏముంది?

కాంక్రీటు దిమ్మ అంటారు అందరూ. దిమ్మ సొంత బరువు ఆ లాగుడు ముందు చాలా తక్కువ. అసలు పట్టు దాని పైనున్న మట్టిది. మూడు మీటర్ల లోతున రెండున్నర మీటర్ల చదరపు పీట పోసి, దాని మీద కాలు నిలిపి, తవ్విన గోతిని మట్టితో గట్టిగా పూడుస్తారు. కాలు పైకి రావాలంటే పీట తన పైనున్న మట్టిని, నేల మీదికి వచ్చేకొద్దీ వెడల్పయ్యే ముక్కగా, పెకలించుకుని రావాలి. పొడినేలలో ఆ ముక్క అంచులు 30 డిగ్రీలు వాలి ఉంటాయని, ఘనపు మీటరు మట్టి 1,440 కిలోలని లెక్క. పై కొలతలకు దాని బరువు 82 టన్నులు వస్తుంది. రాయలసీమ మెట్టనేలలో అదే పీట నిశ్చింతగా నిలుస్తుంది.

మన దగ్గర నాలుగడుగులు తవ్వితే నీళ్లు. నీళ్లలో మునిగిన మట్టి తేలికవుతుంది, ఘనపు మీటరుకు 940 కిలోలే పట్టుకు వస్తాయి. అంచుల వాలు కూడా 15 డిగ్రీలకు కుదించుకుపోతుంది. 82 టన్నుల ముక్క 31 టన్నులైపోతుంది. పొడి నేలలో మొక్క పీకితే వేళ్లతో పెద్ద గడ్డ లేస్తుంది, తడి ఆకుమడిలో నారు పీకితే జారి చేతికొస్తుంది, అంతే తేడా. డెల్టాలో టవర్ల పునాదులు పైప్రాంతాల కన్నా పెద్దవిగా, ఖరీదుగా ఉండడానికి ఇదే కారణం. గోదావరి లంకల్లోనూ పాయల్లోనూ ఇది కూడా చాలదు, పైల్స్, అంటే లోతుకు దిగే కాంక్రీటు స్తంభాలు, దింపుతారు. 1986 ఆగస్టు వరద ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి ప్రవాహం పునాది చుట్టూ ఇసుకను కోసుకుపోతుంది. నది ఎంత లోతు కోయగలదో తేల్చి, అంతకన్నా కిందికి పైలు దించాలి. ఒక వరదకు ఉన్న లంక మరో వరదకు ఉండదని లంక రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మన టవర్ల డిజైనులు పరీక్ష లేకుండా నేల మీదికి రావు. పరిశోధన సంస్థలైన బెంగళూరులోని సీపీఆర్ఐలోనూ, చెన్నైలోని ఎస్ఈఆర్‌సీలోనూ నిలువెత్తు టవరు కట్టి, చేతులకు తాళ్లు కట్టి వించీలతో లాగి, తుఫాను లోడంతా పెట్టి చూస్తారు. కొన్నిసార్లు విరిగేదాకా లాగుతారు. చూడదగ్గ తమాషా. కానీ అక్కడ టవరు కాళ్లు కదలని గట్టి కాంక్రీటు గచ్చుకు బిగించి ఉంటాయి. పరీక్ష నెగ్గేది ఇనుము. భీమవరం పక్క బాడవ నేలకు ఆ పరీక్ష ఎవరూ పెట్టరు. దాని పరీక్ష కార్తీకంలో బంగాళాఖాతం పెడుతుంది.

ఇప్పుడు చెప్పదలచుకున్న విషయానికి వచ్చాను. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు వరి చేలు చేపల చెరువులుగా, రొయ్యల చెరువులుగా మారి చాలా ఏళ్లయింది. లైను వేసిననాడు టవరు వరిచేలో ఉంది. ఇప్పుడు చాలాచోట్ల చెరువు నడుమ ఉంది, లేదా చెరువు గట్టును ఆనుకుని ఉంది. అలాంటి ఒక చెరువు దగ్గర ఆసామితో జరిగిన మాటలు నాకు బాగా గుర్తు. పొక్లెయిన్ ఇంకా అక్కడే ఉంది. టవరు ఒక్కో కాలి చుట్టూ నాలుగు మూరల చదరం వదిలి మిగతాదంతా నిలువునా తీసేశారు.

"రాజుగారూ, కాళ్ల దగ్గర ఇంత లోతు తీశారేంటండీ?" అన్నాను.

"మరి గట్టుకి మట్టి చాలొద్దాండీ? అయినా దిమ్మ మీద మేం చెయ్యే వెయ్యలేదండి, కావాలంటే చూసుకోండి" అన్నారాయన, కొంచెం నొచ్చుకుంటూ.

ఆయన మాట నిజమే. దిమ్మకు గీత కూడా పడలేదు. ఆయన తీసుకెళ్లింది దిమ్మ పైనా పక్కలా ఉండాల్సిన మట్టిని. పై లెక్కలోనే చూడండి. ఒక మీటరు మట్టి తీసేస్తే పీట పైన మిగిలేది రెండు మీటర్లు. 31 టన్నుల ముక్క 17 టన్నులకు దిగిపోతుంది. పైకి లాగే బలం ఇరవై. కాంక్రీటు బరువు కలుపుకున్నా ఇక మిగులు లేదు. మామూలు రోజుల్లో ఏమీ కాదు, అదే అసలు చిక్కు. టవరు ఏళ్లకేళ్లు కులాసాగా నిలబడే ఉంటుంది. "తవ్వితే ఏమైంది, నిలబడలేదా?" అనిపిస్తుంది. ఉప్పునీళ్ల రొయ్యల చెరువైతే ఇంకో నష్టం, కాంక్రీటు లోంచి బయటికొచ్చే ఇనుము మొదట్లో నీటిమట్టం దగ్గర తుప్పు తినేస్తుంది. రంగు వేస్తే పైన కనబడదు.

తవ్విన మట్టి ఎక్కడికి పోతుందంటే గట్టు మీదికి. గట్టు తీగల కిందికి వస్తే రెండో ప్రమాదం. తీగకూ నేలకూ ఉండాల్సిన 7 మీటర్లలో గట్టు రెండు మీటర్లు తినేసింది. దాని మీదికి మేత లారీ, ఐసు లారీ వస్తుంది, నాలుగు మీటర్లు. మిగిలింది ఒక మీటరు. 220 కె.వి.కి గాలిలో వదలాల్సిన కనీస ఎడం 2.1 మీటర్లు. లారీ పైకెక్కి పట్టా లాగే కుర్రాడు తీగను ముట్టుకోనక్కర్లేదు. ఇళ్ల స్థలాలకని మెరక పోసే లేఅవుట్లదీ ఇదే కథ.

ఈ గట్టు విషయంలో చట్టం నిద్రపోలేదు. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లో 82వ నిబంధన ఉండేది. లైను వేశాక దాని కింద కట్టడం కట్టేవాళ్లూ, వరద గట్టు వేసేవాళ్లూ, రోడ్డు ఎత్తు పెంచేవాళ్లూ లైను యజమానికి ముందుగా తెలపాలి. తరవాత వచ్చిన భద్రతా నియమాల్లోనూ ఆ మాట కొనసాగింది. తెలిపినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టేంతమందిని కూడా చూడలేదు.

రైతుదే తప్పని నేనను. టవరు పడిన సెంట్లు పోయాయి. 220 కె.వి. లైను కింద 35 మీటర్ల వెడల్పున కొబ్బరి పెట్టుకోలేడు, ఇల్లు కట్టుకోలేడు. భూమి మాత్రం అతని పేరునే ఉంటుంది. ఎన్నో ఏళ్లు పంట నష్టం, చెట్ల నష్టం తప్ప ఇంకేమీ చేతికి రాలేదు. 2015లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చి టవరు స్థలానికి భూమి విలువలో 85 శాతం, తీగల కింది మేరకు 15 శాతం దాకా ఇవ్వమంది. 2024లో వాటిని 200 శాతానికీ, 30 శాతానికీ పెంచింది. ఆలస్యంగా వచ్చినా న్యాయమైన మార్పే. పాత లైన్ల కింద నలిగినవాళ్లకు అది వర్తించదు కాబట్టి టవరంటే వాళ్లకు అయిష్టం అలాగే ఉంది. పరిహారం కాగితం ఇచ్చేటప్పుడే "చుట్టూ ఇంత మేర తవ్వకండి, ఎందుకంటే ఇదీ" అని తెలుగులో ఒక బొమ్మ గీసి ఇస్తే సగం చెరువులు మరోలా తవ్వేవారని నా నమ్మకం. డెల్టా రైతుకు మట్టి గురించి చెబితే అర్థం కాకపోవడమంటూ ఉండదు.

పైగా రొయ్యల రైతుకు కరెంటు ఎంత ప్రాణమో అతనికే తెలుసు. అర్ధరాత్రి ఏరియేటర్లు ఆగితే గంటల్లో ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలుతుంది. జనరేటరు ఉన్నా తుఫాను తరవాత డీజిల్ ఎన్నాళ్లు దొరుకుతుంది? ఒక టవరు పడితే దాని తీగల లాగుడు పక్క టవర్ల మీద పడి అవీ ఒరగొచ్చు. వరస పడిపోకుండా ఆపడానికే మధ్య మధ్య లాగుడు తట్టుకునే బలమైన టవర్లు పెడతారు. అలాంటిచోట తీగలు గిన్నెలతో కిందికి వేలాడవు, గిన్నెలు అడ్డంగా తీగ బారునే ఉంటాయి. అయినా పడిన ముక్కను తిరిగి నిలబెట్టాలంటే బురదలో క్రేను దిగదు. తాత్కాలిక స్తంభాలతో లైను అందుకోవడానికి కూడా రోజులు పడుతుంది.

ఒక దొంగతనం సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. టవరు కింది భాగంలో సన్నటి ఇనుప యాంగిళ్లు అడ్డంగా ఉంటాయి. పెద్ద బరువేమీ మోయవు కాబట్టి తీసేసినా ఏమీ కాదనుకుని పాత ఇనుముకు అమ్మేస్తారు. ఆ సన్నముక్క పని పెద్ద కాలును మధ్యలో పట్టుకుని వంగకుండా చూడటం. అది పోతే కాలుకు ఆధారం లేని పొడవు రెట్టింపు అవుతుంది. పొడవు రెట్టింపైన సన్నటి కడ్డీ వంగిపోవడానికి నాలుగో వంతు బలం చాలు. స్విట్జర్లాండులో పుట్టిన ఆయిలర్ అనే గణితవేత్త పద్దెనిమిదో శతాబ్దంలోనే కట్టిన లెక్క ఇది. పాత ఇనుము కొట్టువాడు ఇచ్చే వందల కోసం ఊరి కరెంటంతా పణంగా పెడుతున్నారు.

మన తుఫాను నెలలు అక్టోబరు, నవంబరు, డిసెంబరు. అంతకుముందే, చెరువు ఎండగట్టి పూడిక తీసే అదును చూసి, మీ కమతంలోనో పక్కవారి కమతంలోనో టవరుంటే ఒకసారి కాళ్ల దగ్గరికి వెళ్లి చూడండి. దిమ్మ చుట్టూ కనీసం పది మీటర్ల మేర మట్టి కదల్చకండి. ఇది నా అనుభవంతో చెబుతున్న మాట. ఇప్పటికే తవ్వేసి ఉంటే సొంతంగా బురద పోసి పూడ్చకండి, బురద పట్టు ఇవ్వదు. లైన్ల సిబ్బంది వచ్చి పొరలు పొరలుగా మట్టి వేసి దిమ్మిస పెట్టాలి. దిమ్మ పక్కన నేల నెర్రెలిచ్చినా, అడ్డం యాంగిళ్లు పోయినా, గట్టు తీగలకు దగ్గరగా వచ్చినా టవరు మీద రేకు పలక చూడండి, దాని మీద లైను పేరూ టవరు నంబరూ ఉంటాయి. ఆ నంబరు రాసుకుని 1912కి ఫోను చేయండి, లేదా దగ్గర్లోని సబ్‌స్టేషన్‌లో చెప్పి రండి. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే టవరు నంబరు చెప్పినా చాలు.